నూనె తాగిన బంతి

బంతి రింగుకు కొట్టుకుంది, వెనకున్న చెక్కకు కొట్టుకుంది, ఇక నాకు ఇక్కడ పనేముందన్నట్టు ఎగిరిపోయి, లస్మవ్వ హోటల్లో బజ్జీలకు కలిపిపెట్టిన శనగపిండి గిన్నెలో పడింది.

గిన్నె దగ్గర కూర్చున్న అనసూర్య మొహం నిండా పిండే.

గ్రౌండులో ఉన్న వాళ్లందరూ ఒక్కడి వైపే చూశారు. ఆ ఒక్కడు రాయమల్లు.

"పోవయ్యా, నువ్వే తెచ్చుకో," అన్నాడు కెప్టెన్ సదాశివ.

రాయమల్లు వెళ్లి హోటలు తడిక ముందు నిలబడ్డాడు. హోటలంటే నాలుగు గుంజలు, ఒక తాటిపత్రి పందిరి, ఒక పొయ్యి. ఆ పొయ్యి వెనక లస్మవ్వ, పొయ్యి ముందు ఆమె కూతురు అనసూర్య.

"బంతి..." అన్నాడు.

"ఏ బంతి?" కనురెప్పల మీది పిండి తుడుచుకుంటూ అడిగింది అనసూర్య.

"గిన్నెల ఉన్నది."

"గది బంతి గాదు, బోండ. ఇంక నూనెల ఎయ్యాలె."

"కాలేజీ బంతి. ఒక్కటే ఉన్నది."

"ఇసిరింది నువ్వేనా?"

"ఊఁ."

"రింగు అటుంటె ఇటెందుకు ఇసిరినవ్?"

"అటే ఇసిరిన."

అనసూర్యకు నవ్వొచ్చింది. నవ్వితే పిండి రాలుతుందని ఆపుకుంది. పొయ్యి వెనక నుంచి లస్మవ్వ అందుకుంది.

"వాన్ని ఇడువు బిడ్డా. రెండేండ్ల సంది చూస్తున్న. ఆ పిలగాడు బెంచీ మీద కూసుంటెనే అందంగుంటడు."

అది డెబ్బై నాలుగో సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజులు. గోదావరిఖనిలో కాలేజీ పెట్టి మూడేళ్లు కాలేదు. రేకుల షెడ్లు రెండు, వాటి ముందు గ్రౌండు. బాయిలర్ బూడిద పోసి, నీళ్లు కొట్టి, తొక్కి గట్టిచేసిన నేల. రింగులు బొగ్గుబావి వర్క్‌షాపులో వెల్డింగు చేసినవి. ఏనుగు వేలాడినా వంగవు. ఆ రింగుల కింద ఏటా దసరా మర్నాటి నుంచి బాస్కెట్‌బాల్ సీజను మొదలయ్యేది.

ఆ ఆటను లస్మవ్వ చూసినంత శ్రద్ధగా మాస్టార్లు కూడా చూసేవారు కాదు. ఫౌలును ఆమె 'తొండి' అనేది. రెఫరీకి కనపడని తొండి కూడా ఆమెకు కనపడేది. రాత్రి షిఫ్టు దిగి మొహాన బొగ్గుతోనే చాయ్ తాగడానికి వచ్చిన కార్మికులు, ఏం జరిగిందని రెఫరీని కాదు, ఆమెనే అడిగేవాళ్లు. ఆమె మనుషులను తూచేది కూడా ఆ ఆటతోనే. బంతి పక్కవాడికి ఇవ్వనివాడు ఇంట్లో పెండ్లానికి కూడా ఏమీ ఇవ్వడని ఆమె లెక్క.

ఆ లెక్కలో రాయమల్లుకు చోటే లేదు. రెండు సీజన్లు జట్టులో ఉండి, ఒక్కసారి కూడా బెంచీ మీద నుంచి లేవలేదు. అతనికి జట్టు అప్పజెప్పిన పని ఒక్కటే. కాలేజీ షెడ్డుకు గొళ్లెం లేదు గనక, సాయంత్రం బంతిని లస్మవ్వ హోటల్లో పెట్టి, మర్నాడు తెచ్చుకోవడం.

ఆ పనిని మాత్రం అతను ఒక్కరోజు కూడా మానలేదు.

దసరాకు ముందు ఒక సాయంత్రం సన్నగా చినుకులు పడుతుంటే, బంతిని చంకలో పెట్టుకుని వచ్చాడు. లస్మవ్వ నీళ్లకు పోయింది. అనసూర్య బంతిని అందుకోలేదు.

"నస్పూర్ నుంచి సంబంధం వచ్చింది," అంది.

"ఎవలికి?"

"బంతికి."

రాయమల్లు బంతి వైపు ఒకసారి చూసుకుని, అప్పుడు అర్థం చేసుకున్నాడు. "పిలగాడు ఏం జేస్తడు?"

"ఆఫీసుల క్లర్కు. కంపెనీ క్వార్టరున్నది."

"పొద్దుందాక కూసుంటడన్నట్టు."

"కూసుండుడు ఆయన డ్యూటీ. నువ్వు ఉత్తగ కూసుంటవ్."

పందిరి అంచు నుంచి నీళ్లు అతని మెడ మీద పడుతున్నాయి. జరగాలని కూడా తోచలేదు. "మీ అవ్వ ఏమన్నది?"

"దసరా ఎల్లినంక మాట చెప్తనన్నది. నేను నడుమల నీ సంగతి ఎత్తిన."

"నా సంగతా?"

"'కూసున్నోనికి పిల్లనియ్యనే' అన్నది. ఈసారి మొదటి ఆటల గీత లోపట కాలు పెడ్తె అప్పుడు చూద్దామన్నది. లేకుంటె నస్పూరే."

"నా సంగతి ఎందుకెత్తినవ్?" అన్నాడు రాయమల్లు.

అనసూర్య బంతిని లాక్కుంది. "వాన ఎక్కువైతుంది. జల్ది పో."

ఆ రాత్రి వాన ఎక్కువ కాలేదు. రాయమల్లు మాత్రం తడిసి ముద్దయి ఇంటికి చేరాడు.

మర్నాటి నుంచి అతను కెప్టెన్ వెంట పడ్డాడు. సదాశివది మంథని. తండ్రి బడిపంతులు. కోపం వచ్చినా మాట మర్యాదగానే ఉంటుంది, అదే ఎక్కువ తగులుతుంది.

"అన్నా, మొదటి మ్యాచ్‌ల నన్నొక్కసారి దింపు."

"దింపుతా రాయమల్లూ. మిగిలిన వాళ్లందరి కాళ్లూ విరిగిన రోజు."

దసరా వచ్చింది. ఆ రోజు బొగ్గు ఊళ్లలో పనిముట్టు అన్న ప్రతిదానికీ పూజే. డ్రిల్లింగు మిషన్లకు కుంకుమ, సైకిళ్లకు దండలు, ఆఫీసులో టైపు మిషనుకు కూడా పసుపు. కొట్టిన కొబ్బరికాయలు తిని పిల్లలకు కడుపునొప్పులు.

తెల్లారి ఆదివారం. గోదావరి దాటి మంచిర్యాల కాలేజీ జట్టు దిగింది. రాత్రి షిఫ్టు వాళ్లు నిద్ర మానుకుని గ్రౌండు చుట్టూ గొంతుక్కూర్చున్నారు. రాయమల్లు హోటల్ నుంచి తెచ్చిన గోనెసంచిని సదాశివ విప్పాడు. విప్పి, మళ్లీ మూశాడు. మళ్లీ విప్పాడు.

బంతి పచ్చగా మెరుస్తోంది. కుంకుడు రసంతో కడిగి, మంచినూనె పట్టించి, పసుపు పూసి, చుట్టూ కుంకుమ బొట్లు పెట్టి, తంగేడు పూల దండ వేశారెవరో. తోలు తాగగలిగినంత నూనె తాగి, మిగిలింది బయటికి కక్కుతోంది.

"ఎవరయ్యా ఈ పుణ్యం కట్టుకున్నది?" అన్నాడు సదాశివ.

రాయమల్లు హోటల్ వైపు చూశాడు. అనసూర్య అరచేతులు పచ్చగా ఉన్నాయి. పండుగ మర్నాడు ఆ ఊళ్లో ఏ ఆడమనిషి చేతులైనా పచ్చగానే ఉంటాయి. ఆ సంగతి అతనికి తోచలేదు. తను ఆడాలని మొక్కుకుని చేసిందనుకున్నాడు. అలా అనుకోగానే ఛాతీ కొంచెం పెరిగింది.

"నేనే అన్నా."

"నువ్వా?"

"పండుగ గద."

సదాశివ సంచి కింద పెట్టాడు. "రాయమల్లూ, ఇవాళ నువ్వు బెంచీ మీద కూడా కూర్చోకు. బెంచీ వెనకకు పో."

రాయమల్లు తల వంచుకుని పోయి పొయ్యి పక్కన కూలబడ్డాడు. నస్పూర్ క్వార్టరు తలుపు అతని కళ్ల ముందే తెరుచుకుంటున్నట్టుంది. లస్మవ్వ జల్లిగంటె పట్టుకుని అతన్ని ఒకసారి ఎగాదిగా చూసింది. మళ్లీ బజ్జీల వైపు తిరిగింది.

మంచిర్యాల వాళ్లు బంతి తేలేదు. పూజ చేసిన దాన్ని సబ్బు పెట్టి కడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. రెఫరీ దండ తీసి కళ్లకద్దుకుని, బంతిని పైకి ఎగరేశాడు.

ఇద్దరు ఎగిరారు. ఇద్దరి చేతుల్లోంచీ బంతి జారిపోయింది. ఆ తరువాత జరిగింది ఆట అని ఎవరూ అనలేదు. పట్టుకున్నవాడి చేతిలోంచి బంతి సబ్బుబిళ్లలా దూకేది. బంతి దొరకనివాడు దొరికిన మనిషిని పట్టుకునేవాడు. రెఫరీకి ఈల ఊది ఊది బుగ్గలు నొప్పి పుట్టాయి. తెల్ల బనీన్లన్నీ పసుపు చేతుల ముద్రలతో నలుగు పెట్టించుకున్నట్టయ్యాయి.

"ఎవల పెండ్లిరా?" అని అరిచాడొక కార్మికుడు.

"పిల్ల జారిపోతుందిరో!" అన్నాడు ఇంకొకడు.

సగం ఆట అయింది. జట్లు వైపులు మారాయి. రాయమల్లు మోకాళ్లలో తల పెట్టుకున్నాడు గనక అది చూడలేదు. ఫౌళ్లు ఎక్కువై ఖని జట్టులో ఒకడు బయటికి పోయాడు. బదులు దిగినవాడూ పోయాడు. రెండు జట్లూ సమానంగా ఉండి, ఇక కొద్దిపాటి ఆట మిగిలిందనగా, మూడోవాడు జారిపడి నడుము పట్టుకున్నాడు.

సదాశివ హోటల్ దగ్గరికి వచ్చాడు. "రాయమల్లూ, లే."

"నువ్వే కూసొమ్మంటివి గదన్నా."

"లేవయ్యా నాయనా!"

రాయమల్లు లేచాడు. "ఆగు," అంది అనసూర్య. అతని రెండు చేతులూ పట్టుకుని, పొయ్యి పక్కన చల్లారిన బూడిదలో ముంచింది. "ఒట్టి చేతులతోని కొర్రమట్ట చేపను పడ్తరా ఎవలన్న?"

వేళ్ల సందుల్లో కూడా బూడిద రుద్దింది. అది రుద్దడానికి ఎంతసేపు పట్టాలో అంతకంటే కొంచెం ఎక్కువే పట్టింది. సదాశివ భుజం పట్టి లాగకపోతే రాయమల్లు మళ్లీ దసరా దాకా అక్కడే నిలబడేవాడు.

గీత లోపల కాలు పెట్టాడు. పెట్టగానే, ఎవరి చేతిలోంచో జారిన బంతి నేరుగా అతని చేతుల్లో పడింది.

పడి, అక్కడే ఉంది.

పొద్దుటి నుంచి ఎవరి దగ్గరా నిలవని బంతి తన దగ్గర నిలిచేసరికి రాయమల్లు తనను తనే నమ్మలేకపోయాడు. నమ్మడానికి ఆగకుండా బంతిని నేలకు కొట్టుకుంటూ పరుగు తీశాడు. చుట్టూ పెద్దగా అరుస్తున్నారు. తనను మెచ్చుకుంటున్నారనుకున్నాడు. మంచిర్యాల వాళ్లు ఒక్కరూ అడ్డం రాలేదు. తనకు భయపడ్డారనుకున్నాడు. రింగు కింద ఆగి, ఊపిరి బిగబట్టి విసిరాడు.

బంతి రింగును తాకనైనా తాకకుండా వలలోంచి దిగింది.

గ్రౌండంతా చప్పుడు లేదు. తరువాత మంచిర్యాల కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

అప్పుడు తెలిసింది రాయమల్లుకు, అది ఎవరి రింగో.

ఆ రెండు పాయింట్లతోనే ఖని ఓడిపోయింది. మంచిర్యాల వాళ్లు అతన్ని దింపి, చేతులు కలిపి, నది దాటడానికి బయల్దేరారు. సదాశివ వచ్చాడు. మర్యాద ఇక అయిపోయింది.

"ఒక్కరోజులో ఒక మనిషి ఎన్ని చేస్తాడయ్యా? బంతికి నూనె పట్టించింది నువ్వే, మన రింగులో వేసింది నువ్వే!"

"నూనె పట్టిచ్చింది నేను," అంది లస్మవ్వ.

జల్లిగంటెతో సహా గ్రౌండు మధ్యకు వచ్చిందామె. "పొయ్యికి చేసిన, కత్తిపీటకు చేసిన, తక్కెడకు చేసిన. ఏడాది పొడుగునా నా ఇంట్ల పండుకునే బంతికి చెయ్యకుంటె మనసొప్పుతదా? మీరు గెలువాలెనని ఇంకింత ఎక్కువనే పట్టిచ్చిన." రాయమల్లు వైపు తిరిగింది. "నువ్వెందుకు మీదేసుకున్నవ్ రా?"

రాయమల్లు అనసూర్య వైపు చూశాడు. అనసూర్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేననుకున్నవా?" అంది మెల్లగా. రాయమల్లు చూపు తీసి రింగు వైపు చూశాడు. ఈసారి సరైన రింగే.

లస్మవ్వ ఇద్దరినీ చూసింది.

"నాకోసం గాదన్నట్టు," అంది. "సరే, నేనొకటడుగుత చెప్పు. ఈడికి చాయ్‌కి వచ్చేటోళ్లందరు నన్ను అవ్వా అంటరు. నీ కెప్టెన్ అంటడు, షిఫ్టు దిగినోళ్లంటరు, మొన్న పోలీసాయన సుత అన్నడు. రెండేండ్లల్ల నువ్వొక్కనాడన్న అన్నవా? 'ఒక చాయ్' అని పొయ్యికి చెప్పినట్టు చెప్తవ్. ఎందుకో నాకు సమజ్ కాదనుకున్నవా?"

గ్రౌండులో అందరికీ సమజయింది. అవ్వంటే తల్లి. అవ్వా అని పిలిస్తే ఆమె కూతురు చెల్లెలవుతుంది. రాయమల్లు చెవులు ఎర్రబడ్డాయి.

"గీత లోపట కాలు పెట్టినవ్. నా మాట నేను తప్పను. నస్పూరోళ్లకు వద్దని కబురు పంపుత. ఇప్పుడన్న నోరు తెరిచి పిలువు."

రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు సవరించుకున్నాడు.

"అత్తా..."

మ్యాచ్‌లో ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టని రాత్రి షిఫ్టు వాళ్లు అప్పుడు కొట్టారు.

"ఆగుండ్రి," అంది లస్మవ్వ. "ఒక్క షరతు. మల్లెన్నడు గీత లోపటికి పోవద్దు. బెంచీ మీదనే బుద్ధిగ కూసోవాలె."

"అవ్వా, దానికి నేను జమానతు," అన్నాడు సదాశివ, ఆమె మాట పూర్తికాక ముందే.

జనం చెదిరిపోయారు. పైన మబ్బు కమ్మి పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. రాయమల్లు ఖాళీ గ్రౌండు పక్కన బెంచీ మీద ఒక్కడే కూర్చుని నవ్వుకుంటున్నాడు. అనసూర్య పందిరి అంచు దాకా వచ్చింది.

"తడుస్తున్నవ్. లోపటికి రా."

"బెంచీ మీదనే కూసొమ్మన్నది గద మీ అవ్వ."

"అయితె బెంచీ ఎత్తుకొని రా."

రాయమల్లు ఎత్తుకొచ్చాడు.