లాకుల దగ్గర వెనక్కి చూడకూడదు

మొవ్వ దాటి పామిడిముక్కల వైపు వెళ్లే కాలువ గట్టు మీద పాత లాకులున్నాయి. పక్కనే, లాకు తలుపులు ఎత్తి దించే లస్కరు ఉండే చిన్న ఇల్లు. లస్కరు రిటైరై వెళ్లాక అందులో ఎవరూ చేరలేదు. తలుపులు కూడా ఎవరో పీక్కుపోయారు. చీకటి పడితే ఆ గట్టు మీద సైకిలు తొక్కేవాడుండడు.

కారణం అందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట దుర్గమ్మ మాల వేసుకుని బెజవాడ కొండకు నడిచి వెళ్తున్న ఒక భవానీ, ఆడమనిషి, అక్కడ కూలబడిపోయింది. జట్టు ఆగలేదు. తెల్లారేసరికి ప్రాణం లేదు. అప్పట్నుంచీ రాత్రిళ్లు అక్కడ ఒక గొంతు పిలుస్తుందని చెబుతారు — "ఆగండి భవానీ..." అని. వెనక్కి చూస్తే జ్వరం తగులుకుని మంచం పడతారట.

ఆమెను వదిలేసి వెళ్లినవాళ్లకు ఏ చెడ్డపేరూ రాలేదు. చచ్చిపోయినావిడ మాత్రం దెయ్యమైంది. నేనీ మాటంటే పెద్దాయనకు చాదస్తం అంటారు. అననీండి.

పోయిన మార్గశిరంలో దివిసీమ నుంచి మా ఊరి భవానీలు పన్నెండుమంది నడక మొదలుపెట్టారు. కొండ మీద మాల తీసి దీక్ష ముగించాలి కదా. వాళ్లలో మా చెల్లెలు ప్రేమమ్మ ఉంది. అరవై రెండేళ్లు. మోకాలు వాచి ఉంది. అయినా బండి ఎక్కకుండా కొండకొస్తానని మొక్కుకుంది.

జట్టుకు గురుభవానీ హరిబాబు. ఎరువుల కొట్టు నడుపుతాడు. పక్క ఊరి జట్టుకంటే ముందు కొండ ఎక్కాలని అతని పంతం. పగలైతే ధాన్యం ట్రాక్టర్లు అడ్డమని రాత్రి రెండింటికే అందర్నీ లేపి నడిపించేవాడు. దీక్షలో ఫోన్లేమిటని అన్నీ సామాన్ల ఆటోలో పెట్టించి, ఆటోను ముందుకు పంపేశాడు.

తరవాత జరిగింది నాకు చెప్పింది పున్నారావు. వరసలో చివర నడిచినవాడు. మావయ్యా అని మొదలుపెట్టి, నా మొహం చూడకుండానే అంతా చెప్పాడు.

లాకులకు అరమైలు ఇవతలే ప్రేమమ్మ వెనకబడింది. పున్నారావు ముందుకు పరిగెత్తి హరిబాబుకు చెప్పాడు. ఈ చోట ఆగుతామా, దాటాక ఆగుదాం, ఆవిడే వస్తుంది అన్నాడట హరిబాబు. పదకొండుమందిలో ఒక్కరూ కాదనలేదు. ఒక్కరూ.

మంచు దట్టంగా ఉంది. టార్చి వెలుతురు నాలుగడుగులు దాటడం లేదు. లాకు తలుపుల సందుల్లోంచి నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు...

లస్కరు ఇల్లు దాటారు.

అప్పుడు — వెనకనుంచి —

"ఆగండి భవానీ..."

పున్నారావు ఆగిపోయాడు.

"వెనక్కి చూడకండి," అన్నాడు హరిబాబు లోగొంతుకతో. "నడవండి."

మళ్లీ పిలిచింది. ఈసారి దగ్గరగా...

"మనిషి పడిపోయింది... ఆగండి భవానీ..."

"మన పెద్ద భవానీ ఏమోనండీ," పున్నారావు గుసగుసలాడాడు.

"ఆవిడకంత గొంతెక్కడిది? నడవండి భవానీ."

దీక్షలో ఉన్నవాళ్లు ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఆడా మగా, చిన్నా పెద్దా, అందరూ భవానీలే. ఒరే హరీ అనో, పున్నారావూ అనో వినబడి ఉంటే మనవాళ్లేనని తెలిసేది. ఉత్త భవానీ అంటే — పిలిచింది మనిషో, మరొకటో?

పదకొండుమందీ పరుగు లంకించుకున్నారు. ఆ పిలుపు చెవిన పడకుండా జై భవానీ, జై భవానీ అని అరుచుకుంటూ పరిగెత్తారు. అమ్మవారి పేరు అందుకా ఉన్నది? ఇది చెప్పినప్పుడు పున్నారావు మీద చెయ్యెత్తాను. వాడు తప్పుకోలేదు. అందుకే కొట్టలేదు.

రెండు కిలోమీటర్ల అవతల టీకొట్టు దగ్గర ఆగారు. టీలు తాగారు. తెల్లారేదాకా ఒక్కరూ వెనక్కి వెళ్లలేదు. వెలుగొచ్చాక వీరులకు ధైర్యమొచ్చింది. అక్కడ ఆగి ఉన్న సామాన్ల ఆటో ఎక్కి లాకుల దగ్గరికి పోయారు. శవాన్నే చూస్తామనుకున్నానని పున్నారావు ఒప్పుకున్నాడు.

ప్రేమమ్మ లస్కరు ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. చీర మంచుకు తడిసిపోయింది. ఇరుముడి ఒళ్లో పెట్టుకుంది. మోకాలికి ఎర్రగుడ్డ కట్టు.

హరిబాబు చేతులు జోడించాడు. పిలిచింది మీరేనని తెలియలేదు, దెయ్యమనుకున్నాం అన్నాడు.

ప్రేమమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను పిలవలేదు. పడ్డాక నాకు గొంతే పెగల్లేదు. నన్ను లేపి ఇక్కడ కూర్చోబెట్టి, కట్టు కట్టి, మీకోసం గట్టెమ్మట అరుచుకుంటూ పరిగెత్తింది ఆ భవానీ. మీరు ఆగలేదని తిరిగొచ్చి, తెల్లవార్లూ నన్ను పట్టుకుని కూర్చుంది."

ఆ రాత్రి ఆ గట్టు మీద ఇంకో జట్టు లేదు.

నేను దెయ్యాలను నమ్మను. డెబ్భై ఎనిమిదేళ్లు నమ్మనివాణ్ణి ఇప్పుడు నమ్మను. పిలిచింది ఎవరైనా కానీండి, ఆ రాత్రి అక్కడ మనిషన్నది తనొక్కతే. ఆ పదకొండుమంది సంగతి నన్నడక్కండి.

హరిబాబు ఆటో దగ్గరికి దారి చూపించాడు. ఎక్కండి, మొక్కు సంగతి అమ్మవారే చూసుకుంటుందన్నాడు.

ప్రేమమ్మ ఇరుముడి నెత్తిన పెట్టుకుని లేచింది. ఎడమ చెయ్యి పక్కకు చాపింది. అక్కడ ఎవరూ లేరు. అయినా ఏదో పట్టు దొరికినట్టు ఆమె వేళ్లు ముడుచుకున్నాయి.

"మీరు పొండి," అంది. "మేమిద్దరం నిదానంగా నడిచొస్తాం."