ఫోను లేని పెట్టెలో ఏడుపు

ఇంగ్లండులో మా పల్లె నెదర్ కూంబ్‌లో చర్చి మలుపు దగ్గర ఒక ఎర్ర టెలిఫోను పెట్టె ఉంది. చీకటి పడ్డాక అటు వెళ్ళకండి. నేను పబ్బు నడిపే మనిషిని, ఈ ఊళ్ళో ఎవరు దేనికి హడలి చస్తారో నాకు తెలుసు. ఆ పెట్టెకి అందరూ హడలి చస్తారు.

అందులో ఫోను లేదు. ఎప్పుడో తీసేశారు. తీసేసిన నెలకే మా వినిఫ్రెడ్ ముసలమ్మ పోయింది. ప్రతి ఆదివారం గుప్పెడు చిల్లర పట్టుకెళ్ళి అందులోంచే చెల్లెలితో మాట్లాడేది పాపం. ఆవిడ పోయాక...

ఆవిడ పోయాక చాలా ఏళ్ళు ఏమీ కాలేదు లెండి. ఉన్నమాట చెప్పాలిగా!

ఖాళీ పెట్టెలో ఏం పెట్టాలా అని ఊరి కమిటీ కొట్టుకు చచ్చింది. చివరికి పాత పుస్తకాలు, పూల విత్తనాలు, ఆగిపోయిన గుండెకి షాకిచ్చే మిషను... అన్నీ అందులోనే కుక్కారు. మిషను కావాలని పట్టుబట్టింది సిరిల్ ట్రాట్. అతని గుండె అంతంతమాత్రం, టౌన్ నుంచి అంబులెన్సు రావాలంటే గంట. రాక్షసుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు సిరిల్ ప్రాణం ఆ పెట్టెలో ఉందని మేం ఏడిపించేవాళ్ళం.

మొన్న నవంబర్లో మొదలైంది ఏడుపు. ముందు ప్లమ్లీ గారి భార్య విన్నది. మేం నవ్వాం. తర్వాత సిరిల్ విన్నాడు. అతను చెప్పింది చెప్పినట్టే చెబుతున్నా.

మా చలికాలంలో టీ కప్పు కడిగేలోపే చీకటి పడుతుంది. కుక్కని వెంటబెట్టుకుని పబ్బుకి వస్తున్నాడు. మంచు దట్టంగా ఉంది. పెట్టె దగ్గరికి రాగానే కుక్క ఆగిపోయింది. లాగినా రాదు...

కీ...చ్.

సన్నగా. పెట్టెలోంచి.

గాలేమో అనుకున్నాడు. గాలి లేదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఏమీ లేదు... ఏమీ లేదు... హమ్మయ్య అనుకుని అడుగు వేశాడో లేదో —

కీ...చ్.

"వినిఫ్రెడ్..." అన్నాడట గుసగుసగా, "నువ్వేనా?"

కీ...చ్.

ఇంకేముంది! కుక్క ముందు, తను వెనక. పబ్బులోకి వచ్చి పడేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. బ్రాందీ పోసి ఇచ్చాను.

"ఐవీ," అన్నాడు గుండె పట్టుకుని, "ఆవిడకి ఫోను కావాలే. అడుగుతోంది."

"నీ గుండెకి ఈ పరుగులేంటయ్యా, బుద్ధుందా?" అని తిట్టాను. నిజానికి నాకూ ఒళ్ళు జలదరించింది.

కమిటీ మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు హిలరీ క్యాచ్‌పోల్ గారు టీ పోయించి మొదలెట్టారు. "దెయ్యం కమిటీ కిందికొస్తుందా, చర్చి కిందికొస్తుందా? ముందు అది తేలాలి."

"ఎవరైనా తలుపు తీసి చూస్తే పోలా?" అన్నాను.

"ఐవీ గారూ, తలుపు తీయడం ఎంతసేపు? ముందే తీసేస్తే ఇక మీటింగెందుకు?"

అందరూ బుర్రలూపారు. మిషను ఎలా ఉందో చూసి రావడానికి వారానికొకరికి వంతు ఉండేది. ఏడుపు మొదలయ్యాక వంతు ఎవరికొస్తే వాళ్ళకి జలుబు చేసేది.

చివరికి ఫాదర్‌ని పిలవాలని తీర్మానం. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాపం ఆయనొక్కడే, వచ్చేసరికి క్రిస్మస్ దగ్గర పడింది. గొడుగు కింద నిలబడి, పెట్టెకి బారెడు దూరంలోంచే ప్రార్థన చదివారు. పెట్టె మధ్యలో ఒకసారి కీచుమంది. ఫాదర్ గారు మిగతాది గబగబా ముగించారు.

మర్నాడు సాయంత్రం... నిశ్శబ్దం.

ఆ మర్నాడూ నిశ్శబ్దమే. వినిఫ్రెడ్‌కి విముక్తి కలిగింది! ఊరు ఊరంతా సంబరం. కమిటీ హాల్లో విందు, కేకులు, ఫాదర్ గారికి చప్పట్లు. సిరిల్ అందరికంటే గట్టిగా కొట్టాడు. "ఇవాళ్టి నుంచి హాయిగా నిద్రపోతా ఐవీ" అన్నాడు. అన్నవాడు కేకు ముక్క చేతిలో ఉండగానే పక్కకి ఒరిగాడు.

"అబ్బే, ఏం లేదు..." అన్నాడు నేల మీంచి. "నా కోసం గొడవ చేయకండి." అంతే, కళ్ళు తేలేశాడు.

నేను పరిగెత్తాను. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. తలుపు లాగి మిషను తీసి, వగరుస్తూ హాల్లోకి తెచ్చాను. ఫాదర్ గారు సిరిల్ ఛాతీ మీద నొక్కుతున్నారు. నేను మీట నొక్కాను. ఇంకోసారి నొక్కాను. దీపం వెలగలేదు. మిషను పలకలేదు. "పలకవే, నీకు దణ్ణం పెడతాను!" అని అరిచాను.

అంబులెన్సు వచ్చేసరికి అయిపోయింది. పచ్చ యూనిఫాం అమ్మాయి సిరిల్ మొహం మీద దుప్పటి కప్పి, మిషను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బ్యాటరీ చచ్చిపోయిందండీ" అంది. "కానీ ఇది ఊరికే చావదే... వారాల తరబడి కీచుకీచుమని అరుస్తుంది. ఊళ్ళో ఒక్కరికీ వినపడలేదా?"

అందరూ టీ కప్పుల్లోకి చూస్తున్నారు. హిలరీ గారు కప్పు సాసర్ మీద పెట్టేశారు.

"వినపడిందమ్మా," అన్నారు మెల్లగా. "ప్రార్థన చేయించాం."