బొగ్గుపొయ్యి దగ్గర టూయీ

మా ఓహై ఊరి చివర ఆకుపచ్చ రేకుల ఇల్లొకటి ఉంది. చలికాలంలో అందులో ఎవరూ నిలవరని పేరు. అందులో ఉండే ముసలి స్టోబార్ట్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఆ తర్వాత అద్దెకొచ్చినవాళ్లు — రాత్రిళ్లు ఎవరో గుండెల మీద ఎక్కి కూర్చుంటున్నారని... సామాను కూడా సర్దుకోకుండా పారిపోయారు.

అయినా హోనే, అతని భార్య నైరీ ఆ ఇంట్లో దిగారు. ఆ ఎండాకాలమే ఐదేళ్ల కూతురు టూయీ జ్వరంతో పోయింది. పాత ఇంట్లో ఆ పిల్ల మంచం చూడలేక ఇటొచ్చారు. ఇక వాళ్లకి దెయ్యాల భయమేమిటి?

తర్వాత జరిగింది హోనే అక్క మార్గి చెప్పగా విన్నాను. మా ఊళ్లో మంటలార్పే వాలంటీర్లలో ఆవిడొకతె.

జూన్‌లో మంచు పడింది. భూమికి దక్షిణపు కొసన ఉన్న మాకు చలికాలం అప్పుడే. కిటికీలు బిగించి బొగ్గుపొయ్యి రాజేశారు. ఒక సాయంత్రం హోనే కలపమిల్లు నుంచి వచ్చేసరికి నైరీ పొయ్యికేసి చూస్తూ నవ్వుతోంది.

"చప్పుడు చెయ్యకు..." అంది గుసగుసగా. "అదిగో — చేతులు కాచుకుంటోంది."

"ఎవరే?"

"నీ కూతురు."

అక్కడెవరూ లేరు. కానీ కొన్నాళ్లకి అతనికీ వినబడింది... పక్కగదిలో చిన్న పాదాల పరుగు. వెళ్లి చూస్తే — ఖాళీ.

తట్టుకోలేక అక్కకి చెప్పాడు.

"తలనొప్పి ఉంటోందా?" అంది మార్గి.

"ఇద్దరికీ. పగిలిపోతోందనుకో. మిల్లుకెళ్తే ఏమీ ఉండదు."

మార్గి మంటలార్పే సామాన్ల గదికి పరిగెత్తింది. వెంటనే అరచేతిలో పట్టేంత తెల్లటి పెట్టెతో వచ్చింది. గదిలో అడుగు పెట్టిందో లేదో — పెట్టె చెవులు చిల్లులు పడేలా కూసింది.

"బయటికి! ఇద్దరూ బయటికి నడవండి!"

మంచులో వణుకుతూ నైరీ అడిగింది. "మా పొగ అలారం ఒక్కసారీ మోగలేదే వదినా?"

"అది పొగకే మోగుతుందే పిచ్చిదానా. ఈ పెట్టె పసిగట్టింది కార్బన్ మోనాక్సైడ్‌ని... అది కనబడదు, వాసన రాదు. మెల్లగా తలకెక్కి లేనివి చూపిస్తుంది. తర్వాత నిద్రలోనే ప్రాణం తీస్తుంది. స్టోబార్ట్‌నీ ఇదే తీసుకుపోయిందేమో!"

పొయ్యి గొట్టంలో పిట్టలు గూడు పెట్టాయి. విషగాలి బయటికి పోయే దారి లేదు. ఆస్పత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. గొట్టం శుభ్రం చేయించారు. తెల్లపెట్టె గోడకెక్కింది.

తలనొప్పి పోయింది. అడుగుల చప్పుడు పోయింది. టూయీ... టూయీ కూడా.

నైరీ ఏడవలేదు. రోజూ పొయ్యి ముందు కూర్చుని ఎదురుచూసేది.

ఒక ఆదివారం హోనే, మార్గి బజారు నుంచి తిరిగొచ్చారు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. తెల్లపెట్టెలో బ్యాటరీ లేదు. పొయ్యి గొట్టం మూసేసి ఉంది. నైరీ నేలమీద చేతులు చాపి కూర్చుంది.

"తలుపు వెయ్యి హోనే... చలికి పిల్ల వెళ్లిపోతుంది."

హోనే ఆమెని ఎత్తుకుని బయటికి పరిగెత్తాడు. "ఒక్క నిమిషం! ఒక్క నిమిషం చూడనీ!" అని అతని గుండెల మీద బాదింది.

మంచులో కూలబడిపోయి, ఆమెని వదలకుండానే అన్నాడు —

"నీకు మొహమైనా కనబడింది నైరీ. నాకు... అడుగుల చప్పుడే."