ఎడమ భుజం అర అంగుళం

ముందే చెప్పేస్తున్నాను. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఒత్తులు తప్పితే సర్దుకుని చదువుకోండి. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. చెయ్యి సూదికి అలవాటు పడ్డది, పెన్నుకి కాదు. నాకు అక్షరాలు నేర్పిన అమ్మాయి కథే ఇది. ఇందులో 'పెద్దమ్మ' అని కనబడితే అది నేనే. మూలన కూర్చుని కాజాలు కుడుతుంటాను, నన్ను పట్టించుకోకండి.

ఆ అమ్మాయి టైలర్ షాపులో మెషిన్ మీద చేరిన మొదటి రోజే ఘోరం జరిగింది. చీటీ కత్తిరించడానికి ఏదీ దొరక్క బల్ల మీదున్న పెద్ద కత్తెర తీసుకుంది.

"ఏయ్! అది బట్టల కత్తెర!"

కేక పెట్టినవాడు కటింగ్ మాస్టర్. షాపు యజమానికి మేనల్లుడు. ముప్పై నిండలేదు గాని కోపం మాత్రం ముక్కు మీదే కాపురం పెట్టింది.

"ఏం, కత్తెర కాగితం కొయ్యదా?"

"కోస్తుంది. తర్వాత బట్ట కొయ్యదు. పదును పోతుంది. కొత్తదానివి కదా అని ఊరుకుంటున్నా."

"ఇది ఊరుకోవడమా? ఇంక అరిస్తే ఎలా ఉంటుందో!"

షాపంతా గొల్లున నవ్వింది. అతను నవ్వు ఆపుకోవడానికి మెడలో టేపు తీసి పళ్ళతో కరుచుకున్నాడు.

అయిదు నెలల్లో అరుపులు తగ్గలేదు గాని వాటి రుచి మారింది. ఒక సాయంత్రం వాన తగ్గేదాకా ఇద్దరూ షాపు గుమ్మంలో నిలబడ్డారు.

"చలి మొదలయ్యేలోగా నీకో కోటు కుడతా," అన్నాడు.

"మరి కొలతలు?"

"టేపెందుకు? అయిదు నెలలుగా చూస్తూనే ఉన్నాగా. నీ ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం కిందికి ఉంటుంది. తెలుసా?"

ఆమెకు తెలియదు. చిన్నప్పటి నుంచి అమ్మ కుట్టిన బట్టల మూటలు ఆ భుజం మీదే మోసింది మరి.

"అంటే వంకరదాన్నంటావ్."

"వంకరేంటి, అది నీ కొలత." కాసేపు చూరు నీళ్ళు చూశాడు. "కోటు అయ్యాక మావయ్యతో చెబుతా. మన పెళ్ళి సంగతి."

వాన ఎప్పుడో తగ్గింది. ఇద్దరూ తగ్గలేదన్నట్టే నిలబడ్డారు.

ఆ మాట పెద్దమ్మ ఒక్కదానికే చెప్పిందామె. వారం తిరక్కుండా తడి రోడ్డు మీద అతని స్కూటర్ జారింది. తలకు దెబ్బ. పది రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. కటింగ్ మర్చిపోలేదు, మావయ్యను మర్చిపోలేదు, పెద్దమ్మనూ మర్చిపోలేదు. చివరి అయిదు నెలలు మాత్రం పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు పోయాయి.

"నమస్కారమండీ. కొత్తగా చేరారా?" అన్నాడు ఆ అమ్మాయిని చూసి.

ఆమె మెషిన్ తొక్కుతూనే ఉంది. సూది కింద బట్ట లేదు.

ఆ రోజుల్లోనే టీవీలో ఒక సీరియల్ వచ్చేది. అందులోనూ హీరో అంతా మర్చిపోతాడు. పని అయ్యాక ఆమె మేడ మీద పెద్దమ్మ గదికి వచ్చి చూసేది. హీరోయిన్ ఫొటోలు చూపించి ఏడుస్తుంది, పాత ఉత్తరాలు చదివి ఏడుస్తుంది, చివరికి హీరో "సారీ, మీరెవరో నాకు తెలీదు" అంటే గోడకు జారబడి మళ్ళీ ఏడుస్తుంది.

"దీని ఏడుపు తగలెయ్య!" అంది అమ్మాయి. "గుర్తు తెచ్చుకోమని వాడి ప్రాణం తోడుతుందేంటి పెద్దమ్మా? పోయింది పోయింది. మొదటి రోజు గొడవ మళ్ళీ పెట్టుకోవచ్చుగా?"

"నువ్వు మాత్రం చెప్పావా? ఒక్క ముక్క చెబితే తేలిపోతుందిగా."

"చెబితే ఏమవుతుంది? అయ్యో, మాటిచ్చానట అని తల వంచుకుని వస్తాడు. అలా వచ్చేవాడు నాకొద్దు. నేను కావాలని రావాలి. ఒకసారి వచ్చినవాడు రెండోసారి రాడా?"

పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించి అంది: "మా ఆయన పోయి పదకొండేళ్ళు. నాకన్నీ గుర్తే, మనిషే లేడు. నీకు మనిషున్నాడు, గుర్తే లేదు. నీ బేరమే నయమే. వదలకు."

మర్నాడే ఆ అమ్మాయి అందరూ చూస్తుండగా పెద్ద కత్తెర తీసి పాత కాగితం ఒకటి కరకరా కోసింది.

అతను తలెత్తి మెల్లగా అన్నాడు. "దానితో కాగితం కొయ్యకండి, ప్లీజ్."

అంతే. మళ్ళీ సుద్దముక్క పట్టుకున్నాడు. దెబ్బ తగిలిన దగ్గర్నుంచి అలాగే ఉన్నాడు. అందరికీ 'అండీ', అన్నిటికీ 'సరే'. "వీడు అరవడం లేదు, అదే నా భయం," అని మావయ్య పెద్దమ్మతో గొణిగేవాడు. వచ్చే ఆదివారం అతని అక్క వచ్చి అతన్ని తన ఊరికి తీసుకుపోతుందట. అక్కడ బావగారి షాపులో పనట. దానికీ 'సరే' అన్నాడు.

శనివారం బ్యాంకులో పనిచేసే ఒకావిడ కోటు ట్రయల్‌కి వచ్చింది. వేసుకుని అద్దం ముందు నిలబడింది. బొత్తం కలవలేదు. ఎడమ భుజం జారిపోయింది.

"ఇదేంటి మాస్టారూ? నా భుజాలు వంకరా?"

"క్షమించండి. కొత్త బట్టతో ఇంకోటి కుట్టిస్తాను."

ఆవిడ వెళ్ళాక అతను కోటును బల్ల మీద పరిచాడు. కొలతల పుస్తకం తీసి చూశాడు. ఆవిడ కొలత ఒకటి, కోటు కొలత ఒకటి. పుస్తకమంతా తిరగేశాడు. ఎడమ భుజం అర అంగుళం తక్కువున్న మనిషి ఏ పేజీలోనూ లేదు.

"మావయ్యా, ఇది ఎవరి కొలత?"

"నన్నడుగుతావేంట్రా, మొన్న కోసింది నువ్వేగా!"

మెషిన్ దగ్గర అమ్మాయి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ భుజం మీదికి వెళ్ళింది. పెద్దమ్మ చూసి కాజాలో తల దూర్చింది. ఆ సాయంత్రం అతను షాపులోకి వచ్చిన ప్రతివాళ్ళ భుజాలూ చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్నే అక్క దిగింది. తమ్ముడి పెట్టె గుమ్మంలో, బస్ టికెట్లు బల్ల మీద. అతను మాత్రం కోటు పట్టుకుని నేరుగా మెషిన్ దగ్గరికి వెళ్ళాడు.

"ఒక్కసారి వేసుకుంటారా?"

వేసుకుంది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా జారలేదు.

"నేను మీకెప్పుడైనా కొలత తీశానా?"

"లేదు."

"మరి నా చేతికెలా తెలిసింది?"

"చేతినే అడగండి."

అక్క మావయ్య వైపు చూసింది. మావయ్య పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మకు ఆ క్షణంలో సూది ఎక్కడుందో కనబడలేదు.

"నాకేం గుర్తు రాలేదండీ," అన్నాడతను. "వస్తుందని మాటివ్వలేను. కాని అర అంగుళం తేడా టేపు లేకుండా తెలియాలంటే ఎన్నాళ్ళు చూసుండాలి! నిన్న సాయంత్రం నుంచి అదే ఆలోచన. ఊరికే అలా ఎవరూ చూడరు. ఏం జరిగిందో చెప్పండి. మీరు చెప్పకపోతే నేను బస్సెక్కను."

"చెప్పను."

"ఎందుకు?"

"చెబితే జరిగిపోయింది అవుతుంది. నాకు జరగబోయేది కావాలి." ఆమె బల్ల దగ్గరికి నడిచింది. "కావాలంటే మొదట్నుంచి మొదలుపెడతా."

పెద్ద కత్తెర తీసింది. అతని బస్ టికెట్ తీసింది. నిలువునా కోసేసింది.

"ఏయ్!" షాపు అద్దాలు అదిరాయి. "అది బట్టల కత్తెర! నీకెన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్కసారేగా చెప్పారు, మొన్న."

అతను ఆమె చేతిలోని కత్తెర వైపు చూశాడు. "ఏమో... చాలాసార్లు చెప్పినట్టుందే."

మావయ్య కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. "అరిచాడు! మావాడు అరిచాడే!"

అక్క టికెట్ ముక్కలు ఏరింది. "చూశావా మావయ్యా? టికెట్ పోయినందుకు కాదు, కత్తెర కోసమట వీడి గోల." ఆ ముక్కలు అమ్మాయి కోటు జేబులో పెట్టి భుజం సవరించింది. "ఎవరమ్మా నువ్వు? సరేలే, కూర్చుని మాట్లాడుకుందాం. ఈ వెధవను నాతో తీసుకుపోయే ఓపిక నాకూ లేదు."

అతను కత్తెర అందుకుని పదును చూసుకుంటున్నాడు. టేపు పళ్ళ మధ్య ఉంది.

సీరియల్ ఆ నెలాఖరుకు అయిపోయింది. హీరోకి ఇంకో దెబ్బ తగిలి అన్నీ గుర్తొచ్చాయి. మా మేడ గదిలో దాన్ని చూసి పడిపడి నవ్విన ఇద్దరిలో ఒకరికి ఇప్పటికీ ఆ అయిదు నెలలు గుర్తు లేవు. రెండోది అడిగినా చెప్పదు.

ఇట్లు,
కాజాల పెద్దమ్మ,
అరవై ఏడేళ్ళు,
టైలర్ షాపు మేడ మీద, మెట్లెక్కగానే ఎడమ చేతి గది.