రెండున్నరలోపు టీవీ ఆన్ కావాలె

"టీవీ ఆన్ కావడం లేదు," అన్నాడు ఫోన్లో చీఫ్ రఘురామ్.

ఏజెంట్ సంపత్ గోదావరిఖని బస్టాండు బెంచీ మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటున్నాడు. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో బోలెడు కోడ్‌వర్డ్స్ బట్టీ పట్టాడు గానీ, ఇది మాత్రం తగల్లేదు.

"ఇది ఏ కోడ్ సర్?"

"కోడ్ కాదయ్యా, నిజంగానే టీవీ ఆన్ కావడం లేదు. విను. ఒక విదేశీ ముఠా అండర్‌గ్రౌండ్ గనిలో, పైకి వచ్చే దారిలో బాంబు పెట్టింది. టైమర్ రెండున్నరకు. లోపల ఫస్ట్ షిఫ్టు, నూట ఎనభై మంది. ఆపే కంట్రోల్ పక్క కాలనీలో ఒక క్వార్టర్లో టీవీలో ఉంది. అది ఆన్ చేసి, రిమోట్ మీద నాలుగు అంకెలు నొక్కాలి. అంతే."

"ముందే అందర్నీ పైకి పిలిస్తే?"

"గని ఫోన్ లైన్ల మీద ముఠా చెవి ఉంది. షిఫ్టు కదిలితే అప్పుడే పేలుస్తారు."

"అంకెలు?"

"మనీష చెబుతుంది. వాళ్ల ఏజెంటే, రెండు రోజుల కింద మనవైపు తిరిగింది. నమ్మాలో వద్దో నువ్వే చూసుకో."

వాచీలో ఒకటీ నలభై. సంపత్ షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. నీలం చొక్కా, భుజానికి బ్యాగు, జేబులో టీవీ మెకానిక్ కార్డు. ఇంతకన్నా బరువైన వేషాలు వేసిన మనిషి. ఇప్పుడు వేషం మార్చాలంటేనే ఒళ్లు బద్ధకిస్తోంది.

క్వార్టర్ తలుపు ఒక ముసలావిడ తీసింది. పేరు లస్మవ్వ.

"ఎవలు బిడ్డా?"

"టీవీ మెకానిక్‌నవ్వా. మీ ఇంట్ల కిరాయికున్న పిల్ల ఫోన్ చేసింది."

"లోపటికి రా. జల్ది చెయ్. నా కొడుకు ఎల్లేశం ఫస్ట్ షిఫ్టు డ్యూటీల ఉన్నడు. వచ్చినంక టీవీ ముంగట కూసుంటేనే వాని నోట్లెకు బువ్వ పోతది."

గోడ మీద ఆమె భర్త ఆగయ్య ఫోటో, దండతో. తండ్రి పోయాక ఆ కొలువే కొడుక్కి వచ్చిందట. సంపత్ ఆ ఫోటో వైపు రెండోసారి చూడలేకపోయాడు.

మనీష వంటింటి గడపలో కూర్చుని ఉంది. పట్టుచీర, నెత్తి మీదికి తోసిన నల్లద్దాలు. ఐదు పాస్‌పోర్టులున్న ఆడమనిషని, మూడు దేశాల వాళ్లు వెతుకుతున్నారని ఆఫీసు నుంచి ఫోన్‌కు వచ్చిన ఫైల్లో రాసి ఉంది. ఇక్కడేమో లస్మవ్వ ఆమెతో ఎల్లిగడ్డలు ఒలిపిస్తోంది.

"ఆ టీవీ నేనే తెచ్చా. రాత్రిదాకా పనిచేసింది," అంది లోగొంతుతో.

"నువ్వు ఎందుకు తిరిగావ్?"

"మూడు నెలలుగా ఎల్లేశమన్న నన్ను చెల్లే అని పిలుస్తున్నాడు. బాంబు పెట్టేది ఆయన దిగే గనిలోనేనని తెలిశాక నా వల్ల కాలేదు."

సంపత్ నమ్మాడు. నమ్మకపోయినా చేయగలిగింది ఏమీ లేదు.

పని మొదలుపెట్టాడు. ప్లగ్గులో కరెంటు ఉందా? అతని పెన్నులో కెమెరా ఉంది, వాచీలో మైకు ఉంది, బ్యాగులో ఒక్క టెస్టర్ లేదు. లస్మవ్వ తన కొడుకు టెస్టర్ తెచ్చిచ్చింది. కరెంటు ఉంది. రిమోట్లో కొత్త సెల్స్ వేశాడు. ఉలుకూ పలుకూ లేదు. వైరు మార్చాడు. ఎర్ర లైటు కూడా వెలగలేదు.

"గిన్ని దినాల సంది మెకానిక్ పని చేస్తున్నవా, నేర్చుకుంటున్నవా?" అంది లస్మవ్వ.

రెండూ ఐదు. టీవీని స్టాండుకు కలిపి పాత తువ్వాలతో బిగించి కట్టారు. ముడి విప్పబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"గది ఇప్పకు! పక్క ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్ అయితే ఇల్లంత ఊగుతది. టీవీ కిందవడి పలిగితే నీ అయ్య ఇస్తడా?"

వాదించే ఓపిక లేక, కట్టు అలాగే ఉంచి వెనక మూత విప్పాడు. ఫ్యూజు బాగుంది. పవర్ బోర్డు బాగుంది. చెమట కళ్లలోకి కారుతోంది. రెండూ ఇరవై రెండు. తనకన్నా చదువుకున్న కుర్రాడెవడైనా వచ్చి ఉంటే నూట ఎనభై మంది బతికేవాళ్లేమో అనిపించింది.

నిజమైన మెకానిక్ గడపలోనే అడిగే ప్రశ్న అప్పుడు తట్టింది.

"అవ్వా, ఇది ఆగిపోయే ముందు నువ్వేం చేసినవ్?"

"నేనేం చేస్త? నిన్న బ్లాస్టింగ్ జోరుగైంది. పొద్దుగాల కట్టు ఇంకింత గట్టిగ బిగిచ్చిన."

సంపత్ నేల మీద వెల్లకిలా పడుకుని టీవీ కిందకి చూశాడు. తువ్వాల ముడి సరిగ్గా పవర్ బటన్ మీద కూర్చుంది. పొద్దుటి నుంచి ఆ బటన్ నొక్కుకుపోయే ఉంది.

కత్తి తీసి తువ్వాలను కోసేశాడు. "మా ఇంటాయన తువ్వాల!" అని లస్మవ్వ అరిచింది.

ఎర్ర లైటు వెలిగింది. తెర మీద కంపెనీ బొమ్మ వచ్చి, అక్కడే తిరగడం మొదలుపెట్టింది. రెండూ ఇరవై ఎనిమిది. బయట బ్లాస్టింగ్ సైరన్ మోగింది. కట్టు లేని టీవీని లస్మవ్వ రెండు చేతులా కావలించుకుంది. తెర మీద అంకెలు నొక్కే పెట్టె కనిపించింది.

"నాలుగు, ఒకటి, తొమ్మిది, సున్నా," అంది మనీష.

సంపత్ నొక్కాడు. చివరి అంకె మీద వేలుండగానే భూమి అదిరింది. ఇల్లు ఊగింది, గిన్నెలు దొర్లాయి. అంతా అయిపోయిందనుకుని సంపత్ గోడకు జారగిలపడ్డాడు.

"బుగులు వడకు బిడ్డా, ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగే. దినాం ఉంటది," అంది లస్మవ్వ.

ఫోన్ మోగింది. "బాంబు చచ్చింది. గని పైన పిట్‌హెడ్ దగ్గర ముఠా దొరికింది," అన్నాడు రఘురామ్. మనీష చీర కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. సంపత్‌కీ ఏడుపొచ్చింది గానీ, మోకాలి నొప్పి మీద నెట్టేశాడు.

లస్మవ్వ తినిపొమ్మంటే కాదనలేకపోయాడు. ఆఖరి ముద్దలో ఉండగా, చెవుల్లో బొగ్గు మసితో ఎల్లేశం వచ్చాడు. నడుస్తున్న టీవీని చూశాడు, తెగిన తువ్వాలను చూశాడు, తల్లి చెప్పింది విని మంటెక్కిపోయాడు.

"బటన్ మీద ముడి పడ్డందుకు మెకానిక్‌ను పిలుస్తరా అవ్వా? మా బాపుది ఉన్న ఒక్క తువ్వాల పాడు జేసిండు! అంత ఆగం ఏముండె? డ్యూటీ నుంచి వచ్చినంక నేను సూస్తుంటి కద!"

సంపత్ తలొంచుకుని మజ్జిగ పోసుకున్నాడు. సర్వీసులో రెండు మెడల్స్ వచ్చాయి గానీ, ఇంత కమ్మని తిట్టు తినడం ఇదే మొదటిసారి.