సూది ఎంగిలి

సాయంత్రమైతే చాంది పొయ్యి మీద రెండు ఉడుకుతాయి. ఒక గిన్నెలో సూది, ఇంకో గిన్నెలో అన్నం. ముందు సూది, తర్వాతే అన్నం. సూది పడితే తప్ప తుల్సీరాం నోట్లోకి ముద్ద దిగదు మరి. తన చేతి వంట కంటే మొగుడికి ఆ గాజు సిరంజి ఎక్కువైపోయిందని ఏడ్చిన రోజులు ఎప్పుడో గడిచిపోయాయి. ఏడవడానికైనా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా! పొద్దున లేచింది మొదలు దుంగల బెరడు ఒలిచి, పొద్దుగూకాక ఇంటికొచ్చి, తడిసిన పుల్లలతో పొయ్యి రాజేసే మనిషికి ఆ ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉండేది ఆ కర్ర డిపో. టేకు దుంగలు, మద్ది దుంగలు లారీల్లో వచ్చి పడేవి. కూలీలకు డిపో వెనకాల రేకుల గదులు కట్టించి ఇచ్చారు. చాంది, తుల్సీరాం తండా విడిచి అక్కడికొచ్చి చాలా ఏళ్లే అయింది. ఉన్న ఒక్క కూతుర్నీ తండాలో అమ్మమ్మ దగ్గరే ఉంచేశారు.

దుంగ లేవాలంటే ముందొకడు, వెనకొకడు భుజం పట్టాలి. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. వెనకవాడు కాలు జారాడంటే ముందువాడి నడుం విరిగిందన్నమాటే. అందుకని ఎవడితో పడితే వాడితో జోడీ కట్టరు. తుల్సీరాం జోడీ జైరాం. ఒకే తండా, ఒకే కంచం. మాటవరసకు అనడం కాదు, వాళ్ల తండాలో మగవాళ్లంతా ఒక పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని అందులోనే చేతులు పెట్టి తింటారు. ఎంగిలి అన్న పట్టింపు వాళ్లకు పుట్టుకతోనే లేదు.

భుజాలు పట్టేస్తే, ఊళ్లో డాక్టరని పేరు పెట్టుకున్న ఒకాయన నొప్పి తెలియకుండా మత్తు సూది వేసేవాడు. సూది పడితే తెల్లారి మళ్లీ దుంగ లేచేది. కొన్నాళ్లకు నొప్పి ఉన్నా లేకపోయినా సూది కావాల్సి వచ్చింది. ఇంకొన్నాళ్లకు ఆ డాక్టరు కూడా అక్కర్లేకపోయాడు. మందు వాళ్లే తెచ్చుకుని, వాళ్లే పొడుచుకునేవాళ్లు. ఇద్దరికీ ఒకటే సిరంజి. జైరాం పొడుచుకుని తుల్సీరాంకు ఇచ్చేవాడు, బీడీ అందించినంత తేలిగ్గా.

ఆ ఎండాకాలం జైరాం కళ్లు పచ్చబడ్డాయి. పసరు తాగించారు, మణికట్టు మీద వాత పెట్టించారు. అయినా కడుపు ఉబ్బుతూనే వచ్చింది. ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపోతుంటే బస్సులోనే, తుల్సీరాం ఒళ్లో తల పెట్టుకుని పోయాడు పాపం.

ఆ తర్వాతే పాల్వంచ దవాఖానా నర్సు సుబ్బరత్నం వీళ్ల గడప తొక్కింది. మధిర వైపు మనిషి. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. సంచిలోంచి ఒక కొత్త సిరంజి తీసి చాంది చేతిలో పెట్టింది.

"ఇది నీ మొగుడొక్కడిదే. వాడాక కడిగి, నీళ్లు కుతకుతా మరిగేదాకా ఉడకపెట్టు. ఇంకొకళ్లది ముట్టనివ్వకు, సగం మిగిలిన మందైనా సరే. సూదికి కూడా ఎంగిలి ఉంటుంది చాందీ! నోటి ఎంగిలి కడిగితే పోతుంది. నెత్తురు ఎంగిలితో కామెర్లొస్తాయి. ఎయిడ్సని ఇప్పుడు కొత్త రోగం చెప్తున్నారే, అదీ వస్తుంది."

చాందికి ఒళ్లు మండింది. "మాన్పియ్యాల్సింది పోయి, నువ్వే సూది ఇస్తున్నవేంది సిస్టరమ్మా?"

"మాన్పించటం నా చేతుల్లో ఉంటే మాన్పించనా? మనిషంటూ బతికుంటే కదే, రేపో మాపో మానేది!"

ఆ మాట చాంది మనసుకు పట్టింది. మొగుణ్ణి సూదికి దూరం చేయడం తన వల్ల కాదు. కానీ సూదిని చావుకు దూరంగా ఉంచొచ్చు. ఆ రోజు నుంచి ఉడకపెట్టే పని తనదే అయింది.

వానలు పట్టాయి. ఒక సాయంత్రం కరెంటు పోయింది. పొయ్యి వెలుగు తప్ప ఇంట్లో ఇంకో వెలుగు లేదు. రేకుల మీద వాన ఒకటే మోత. తడిసిన రంపపు పొట్టు వాసన, టేకు చెక్క వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వస్తున్నాయి. చాంది పటకారుతో సిరంజిని నీళ్లలోంచి తీసి కడిగిన పళ్లెంలో పెట్టింది. చల్లారాక తుల్సీరాం సూది బిగించి మందు లాగాడు.

మందు నీళ్లలా తెల్లగా ఉండాలి. గాజులోపల మాత్రం సన్నటి ఎర్ర దారంలాంటిది పైకి లేచింది. మెల్లగా విచ్చుకుంది. మందంతా ఎర్రబడింది.

"ఏందయ్యా ఇది? ముందే పొడుచుకున్నవా?"

"నీ మీద ఒట్టు. ఇంకా చేతికి తాకియ్యలే."

చాంది నమ్మలేదు. తిట్టుకుంటూ అదంతా పారబోసి, కడిగి మళ్లీ ఉడకపెట్టింది. ఈసారి గిన్నె ముందు నుంచి కదల్లేదు. నీళ్లు మరిగాయి. తీసింది. మందు లాగింది తనే.

మళ్లీ ఎరుపే.

అప్పుడు వెనక గోడ రేకు కిర్రుమంది. గాలికి కాదు... అలిసిపోయిన మనిషి ఒకడు వచ్చి ఒళ్లంతా బరువేసి ఆనుకుంటే వచ్చే చప్పుడు అది. వాన మోతలోంచి ఒక గుసగుస, రేకు సందుకు నోరు ఆనించి చెప్పినట్టు...

"వదినా... నా వంతు అయినాక ఇస్త."

చాంది సిరంజిని పళ్లెంలో పడేసింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఆ గొంతు మనిషి శవానికి తానే నీళ్లు పోసి, బట్ట కప్పి పంపింది. తుల్సీరాం వైపు చూసింది. మంచం మీద వణుకుతున్న మనిషి ముఖంలో భయం లేదు. నవ్వుంది.

"వచ్చిండా?" అన్నాడు మెల్లగా.

ఇక రోజూ అదే తంతు. ఎన్నిసార్లు ఉడకపెట్టినా మొదట ఎర్రగానే వచ్చేది. వెనక రేకు కిర్రుమని, మళ్లీ ఆ బరువు లేచిపోయిన చప్పుడు వినిపించాకే తెల్లగా వచ్చేది. పుల్లలు అయిపోయేవి. మందు పాడయ్యేది. తుల్సీరాం చెమటలు కక్కుతూ మంచం కోడు పట్టుకుని అరిచేవాడు. భూతవైద్యుణ్ణి పిలిపిద్దామంటే తుల్సీరాం కాళ్లు పట్టుకున్నాడు. "వాడు నా జోడీయే చాందీ. ఎల్లగొట్టకు" అని బతిమాలాడు. చాందికి మొదట్లో దడ పుట్టేది. పోను పోను భయం కూడా అరిగిపోయి, విసుగొక్కటే మిగిలింది. దయ్యమైతే ఏంది, సూదికి అలవాటుపడ్డ ఇంకో మగాడేగా అనుకుంది.

అప్పుడు ఆమెకు తోచిన ఉపాయం ఒక్కటే. నర్సమ్మ చెప్పిందే, మనిషికొకటి. నేరుగా దవాఖానాకు పోయి సుబ్బరత్నం ముందు నిలబడింది.

"ఇంకో సిరంజి ఇయ్యి సిస్టరమ్మా. మా ఆయన జోడీకి."

"హమ్మయ్య! నా మాట వింటున్నావన్నమాట. అతనికి కామెర్లేమన్నా వచ్చాయా?"

"వచ్చినయ్."

"అయ్యో! మరి ఇప్పుడెలా ఉన్నాడు?"

చాంది నేల చూస్తూ, "ఇప్పుడేం నొప్పి లేదు" అంది.

ఆ సాయంత్రం నుంచి వెనక తలుపు బయట ఒక ఇటుక మీద జైరాం సిరంజి పెట్టేది. మొగుడి మందులోంచే కొంత అందులోకి లాగి ఉంచేది. "ఇది నీది జైరాం. లోపలిది నీ అన్నది. దాని జోలికి రాకు" అని చీకట్లోకి చెప్పి తలుపు మూసేది. అంతే! లోపలి సూది తెల్లగా రావడం మొదలైంది. తెల్లారి చూస్తే ఇటుక మీద ఖాళీ సిరంజి, సూది మొనకు ఎండిన నెత్తురు. దాన్ని వేరే గిన్నెలో, వేరే పొయ్యి మీద ఉడకపెట్టేది. చచ్చినోడికి కూడా సూది ఉడకపెట్టే బతుకు బతుకుతున్నానని ఒకరోజు తనలో తనే నవ్వుకుంది. అయినా గుండెలో బరువు దిగింది. మొగుడు బతుకుతాడన్న ఆశ పుట్టింది.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున ఎండలో కూర్చున్న తుల్సీరాం ముఖం చూసి చాంది నిలువునా నీరైపోయింది.

కళ్లు పచ్చగా ఉన్నాయి.

ఎట్లా? సూది ఉడికింది. సిరంజి ఉడికింది. గిన్నెలు కూడా వేరే. తాను ఎక్కడ తప్పింది? సుబ్బరత్నం వచ్చి చూసి, ముఖం మాడ్చుకుని, ఖమ్మం తీసుకుపోవాలంది. చాంది తెల్లారే బయలుదేరడానికి బట్టలు మూట కట్టుకుంది. ఆ రాత్రంతా కన్ను మూతపడలేదు. తెల్లవారుజామున ఎప్పుడో కునుకు పట్టి, ఉలిక్కిపడి లేచింది. పక్కన మంచం ఖాళీ. వెనక తలుపు తీసి ఉంది.

మంచు పొగలో ఇటుక దగ్గర గొంతుకూర్చుని ఉన్నాడు తుల్సీరాం. చేతిలో జైరాం సిరంజి. సూది తన మోచేతి మడతలో దిగి ఉంది.

"ఏం చేస్తున్నవయ్యా!" చాంది నెత్తి బాదుకుంది.

"వాడు సగం ఉంచుతుండు నా కోసం. రోజూ ఉంచుతుండు" అన్నాడు, తండాలో బెల్లం ముక్క దాచి తెచ్చిచ్చిన స్నేహితుడి గురించి చెప్పినట్టు. "ఒక్కడే ఎట్ల తింటడే వాడు? ఎన్నడన్న ఒక్కడు తిన్నడా?"

"ఎంగిలి గదా! నెత్తురు ఎంగిలి గదా అది! సిస్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది!"

"జైరాం ఎంగిలి నాకు ఎంగిలేంది?"

ఇన్నాళ్ల ఉడకపెట్టడం, ఇన్నాళ్ల పుల్లలు, ఇన్నాళ్ల జాగారం ఆ ఒక్క మాటతో బూడిదైపోయాయి. చాంది ఆ సిరంజి లాక్కుని బట్టలుతికే బండకేసి కొట్టింది. గాజు ముక్కలు ముక్కలైంది. తుల్సీరాం ఆ ముక్కల్ని చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. జైరాం పోయిన రోజు బస్సులో ఏడ్చినట్టే ఏడ్చాడు.

ఆ రోజు భద్రాచలం నుంచి బస్సులు రాలేదు. ఎక్కడో రోడ్డు మీద చెట్టు నరికి అడ్డం పడేశారన్నారు. రేపు పోదాంలే అనుకుంది చాంది, పోక తప్పుతుందా అని. సాయంత్రానికి తుల్సీరాంకు ఒళ్లు కాలిపోతోంది. మూలుగుతూ మగతలో పడ్డాడు. లేచాడంటే సూది అడుగుతాడు. చాంది అలవాటు కొద్దీ పొయ్యి రాజేసి, మొగుడి సిరంజిని నీళ్లలో వేసి మూత పెట్టింది.

నీళ్లు మరుగుతున్నాయి. మూత టకటకలాడుతోంది.

వెనక రేకు కిర్రుమంది.

చాంది గోడ వైపు తిరిగింది. సందులోంచి అదే గుసగుస...

"వదినా... నాది పగలగొడ్తివి."

"అవ్, పగలగొట్టిన. పో, జైరాం. నీ కాళ్లు మొక్కుత, పో."

"ఏం కాదు వదినా... అన్నది ఉన్నది గద."

మూత టకటక ఆగింది. చాంది ఒక్క గెంతులో పొయ్యి దగ్గరికి పోయి మూత తీసింది. ఆవిరి ముఖాన కొట్టింది. నీళ్లు తెర్లుతూనే ఉన్నాయి. లోపల సిరంజి లేదు.

బుద్ధి లేని పని చేశానని అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు. ఇచ్చినన్నాళ్లు వాడిది వాడికుంది. తీసేసింది కాబట్టి మళ్లీ ఇద్దరికీ ఒకటే అయింది. వెనక తలుపుకు చెంప ఆనించి, గొంతు తగ్గించి బతిమాలింది.

"జైరాం... మా బంగారం గదా... అది ఇటు ఇచ్చెయ్యి. రేపు పొద్దుగాల్నే పోయి నీకు కొత్తది తెస్త. మా బిడ్డ మీద ఒట్టు."

రేకు మీద ఆ బరువు కదల్లేదు.

"నా తాన లేదు వదినా."

"మరి...?"

"ఇంకా నా వంతు రాలే."

జైరాం బయటే ఉన్నాడు. తలుపు గడియ వేసే ఉంది. మరి సూది ఎవరి చేతిలో...

మెల్లగా వెనక్కి తిరిగింది. తుల్సీరాం నిద్రలోనే ఉన్నాడు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి ఉంది. ఆ చెయ్యి మంచం దాటి, పొయ్యి వెలుగు అందని మూల వైపు చాచి ఉంది, అక్కడ కూర్చున్న ఎవరికో అందించినట్టు. భుజం కింద తాడు బిగించినట్టు చర్మం లోపలికి నొక్కుకుపోయింది. తాడేమీ లేదు. ఆమె చూస్తుండగానే మోచేతి మడతలో నరం పైకి తేలింది.