ఎత్తుకోవడానికి ఎవరూ రాని పాప

ఆ ఖాళీ గడిలో సాత్విక పేరు కొట్టింది తనేనని హర్షిణి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. పొరపాటున కొట్టింది కాదు. కావాలనే కొట్టింది.

కెనడాలోని హాలిఫాక్స్‌లో ఆమె చదివేది బిజినెస్ డిప్లొమా, పార్ట్‌టైమ్ చేసేది ఓ పాత చర్చి బేస్‌మెంట్లో. రెండున్నర శతాబ్దాల కిందట ఓడలెక్కి వచ్చి ఈ తీరాన దిగిన జర్మన్ కుటుంబాల బాప్తిస్మం రిజిస్టర్లు చదివి కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ గొలుసుకట్టు రాత చదవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. యూట్యూబ్ ముందు కూర్చుని తనే నేర్చుకుంది. అది చూసి ముచ్చటపడి పని ఇచ్చింది దక్షిణామూర్తి గారు, చరిత్ర ప్రొఫెసరుగా రిటైరైన పెద్దాయన. తండ్రి పేరు ఒక్కటీ పట్టుకుంటే చుట్టరికాలు తేలవమ్మా, అనేవారాయన. బాప్తిస్మం నాడు పాపను ఎవరు ఎత్తుకున్నారో చూడు. జ్ఞానతల్లిగా చేతుల్లోకి తీసుకునేది చాలామటుకు పిన్నో, మేనత్తో అయి ఉంటుంది. రేపు కన్నతల్లి పోతే ఆ బిడ్డ ఇక ఆమెదే.

ఆ ఏడాది వచ్చిపడ్డ స్టూడెంట్లకు గదులు దొరక్క, ఒకే ఇంటి కింది భాగంలో ఆరుగురు అమ్మాయిలు సర్దుకున్నారు. హర్షిణి పక్క పరుపు సాత్వికది. పోయిన మంగళవారం పొద్దున, అందరూ టీ తాగుతుండగా, సాత్విక కప్పు కింద పెట్టి అంది.

"బతికున్నవాళ్ళ పుట్టినరోజు గుర్తుండదు గానీ, చచ్చినవాళ్ళ బాప్తిస్మం తేదీలన్నీ నోటికొచ్చు నీకు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు బస్సెక్కి చర్చి దాకా వెంటే వచ్చింది.

సరిగ్గా ఆ రోజే తగిలింది ఆ పేజీ. 1758, ఫిబ్రవరి. పాప పేరు అన్నా కథరీనా. తల్లి పురిట్లోనే పోయింది. జ్ఞానతల్లి పేరుండాల్సిన చోట ఖాళీ. పక్కన పాస్టరు సన్నటి రాత: ఎత్తుకోవడానికి ఎవరూ రాలేదు.

గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు సేవ్ చేయనివ్వదు. అలాంటివి పక్కనపెట్టి తనకు చూపించమని దక్షిణామూర్తి గారు ముందే చెప్పారు. బస్సుకు ఇంకా ఆరు నిమిషాలు. కడుపులో మంట మాత్రం చల్లారలేదు. నీ పుట్టినరోజు మర్చిపోయానేగా, ఇదిగో నీకో పాప, అనుకుంటూ పేరు కొట్టి సేవ్ చేసేసింది.

మర్నాటి నుంచే మొదలైంది. పైన ఓనర్ల ఇంట్లో పసిపిల్ల ఏడుస్తోందంది సాత్విక. ఓనర్లిద్దరూ డెబ్బై దాటినవాళ్ళు, ఇంట్లో పిల్లల్లేరు. మూడోరోజుకి, ఏడుపు పైనుంచి కాదే, నా దుప్పట్లోంచి వస్తోంది అంది. అన్నాక నవ్వలేదు. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు చూసి కూడా హర్షిణి నోరు విప్పలేకపోయింది. చెబితే స్నేహమూ పోతుంది, పనీ పోతుంది. మెల్లగా వెళ్ళి దిద్దేస్తే సరి, ఎవరికీ తెలియక్కర్లేదు.

ఇవాళ క్లాసవగానే చర్చికి వచ్చింది. నాలుగున్నరకే చీకటి పడిపోయింది. బేస్‌మెంట్ కిటికీని సగం దాకా మంచు కప్పేసింది. హీటరు ఉండుండి టక్కుమంటోంది. పాత కాగితాల వాసన ఆమెకు అలవాటే. దాని అడుగున ఇంకేదో... తడిసిన ఉన్ని. ఆర్పిన కొవ్వొత్తి. విరిగిన పాలు.

కంప్యూటర్లో సాత్విక పేరు చెరిపేసింది. ఖాళీ గడి సేవ్ కాలేదు. పక్కన పెట్టాలంటే దక్షిణామూర్తి గారికి అంతా చెప్పాలి. తప్పు తనది, వచ్చేదేదో తన మీదికే రానీ అనుకుంది. 'హర్షిణి' అని కొట్టింది.

సేవ్ అయ్యింది.

అలవాటుగా సరిచూసుకోవడానికి రిజిస్టరు తెరిచింది.

ఖాళీ లేదు. గోధుమరంగు సిరా, అదే పాస్టరు రాత, జర్మన్ అక్షరాల్లో సాత్విక. దాని కింద, ఇంకా తడి ఆరని హర్షిణి. పక్కన ఉండాల్సిన, ఎవరూ రాలేదన్న సన్నటి వరుస లేదు. జ్ఞానతల్లులు ఇద్దరు ముగ్గురుండటం వాళ్ళలో మామూలే... దక్షిణామూర్తి గారే చెప్పారు.

టేబుల్ కింద ఊపిరి.

చిన్న ఊపిరి. ముక్కు మూసుకుపోయిన పసిపిల్ల తంటాలుపడి పీల్చినట్టు... ఆగింది. మళ్ళీ...

హర్షిణి కిందికి చూడలేదు.

ఫోను వణికింది. సాత్విక మెసేజ్.

"ఏడుపు ఆగిందే. ఎత్తుకున్నా. ఎత్తుకుంటే ఊరుకుంది."

వెంటనే ఇంకోటి.

"పాప ఎంత చల్లగా ఉందో."

"దించెయ్యవే..." హర్షిణి పెదాలు మాత్రమే కదిలాయి. "దించెయ్..."

టేబుల్ కింద ఊపిరి ఆగింది. వింటున్నట్టుగా.

మెసేజ్‌తో అయ్యే పని కాదు. గొంతు విప్పి చెప్పాలి. గడి సంగతి, ఆనాటి మంట సంగతి, అంతా. స్నేహం పోతే పోనీ, మనిషి ఉంటే చాలు. ఫోన్ చేసేద్దామని నిశ్చయించుకుంది. కుడిచేత్తోనే చేయాలి.

ఎడమచేతి చూపుడువేలు పట్టుకున్న చిన్న పిడికిలి ఇంకా వదల్లేదు.